మంటికుండలో దాచిన పొలము

వాక్యభాగములు: యిర్మీయా 32:6–15; కీర్తన 126



యిర్మీయా ప్రవక్త పొలము కొనిన వృత్తాంతమును మనము ఎప్పుడైన చదివినను త్వరగా దాటిపోవుదుము. అందులో సముద్రము పాయలగుట లేదు, ఆకాశమునుండి అగ్ని దిగుట లేదు. ఒక బేరము, తూచిన వెండి, చేవ్రాలు, సాక్షులు, చివరకు ఒక మంటికుండ, అంతే. అయినను నిరీక్షణ యనగా ఏమో తెలిసికొనగోరు సేద్యగానికి పరిశుద్ధ గ్రంథములో ఇంతకంటె తేటయైన అధ్యాయము లేదని నా తలంపు.

సంగతి ఇట్లున్నది. అది సిద్కియా రాజు ఏలుబడిలో పదియవ సంవత్సరము. బబులోను సైన్యము యెరూషలేమును ముట్టడించియున్నది. ప్రవక్త రాజనగరులోని చెరసాల ఆవరణములో బంధింపబడియున్నాడు. అట్టి సమయమున పినతండ్రి కుమారుడైన హనమేలు వచ్చి, అనాతోతులోని తన పొలము కొనుమని అడిగెను. అనాతోతు యెరూషలేమునకు సుమారు ఐదు కిలోమీటర్ల దూరముననున్న పల్లె. పట్టణమును ముట్టడించినవారు పక్కనున్న పల్లెను విడిచియుందురా? శత్రువుల గుఱ్ఱములు మేయుచున్న పొలమును చెరలోనున్నవానికి అమ్మజూపుచున్నాడన్నమాట! మన ఊరిలోనైతే పదిమంది చేరి నవ్వియుందురు. యిర్మీయా మాత్రము పదునేడు తులముల వెండి తూచి ఇచ్చెను. అది మన బంగారపు తులము కాదు, వారి షెకెలు. పదునేడును కలిపి నేటి తూకములో దాదాపు 200 గ్రాములు.

ఇక్కడ ఒక సంగతి గమనింపవలెను. పట్టణము పడిపోదని తలంచి యిర్మీయా ఈ పొలము కొనలేదు. పడిపోవునని ప్రకటించినందుకే అతడు చెరలోనున్నాడు. ఈ బేరమైన తరువాత అతడు చేసిన ప్రార్థన చదివి చూడుడి. పట్టణము కల్దీయుల చేతికి పోవుచుండగా నన్ను పొలము కొనుమంటివేమి ప్రభువా యని కలవరపడుచున్నాడు. నిరీక్షణ గలవాడు కలవరపడడని ఎవరైన మీతో చెప్పినయెడల ఈ ప్రార్థనను చూపుడి. నిరీక్షణ యనగా కీడు రాదనుకొనుట కాదు. కీడు వచ్చుచున్నదని ఎరిగియు, దాని అవతల దేవుడు నిలిచియున్నాడని నమ్మి, నేడు చేతనైన పని చేసి పెట్టుట. ఆ పని యిర్మీయాకు క్రయపత్రము. దానిని బహుకాలము నిలుచునట్లు మంటికుండలో ఉంచుమని బారూకునకు అప్పగించెను.

ఈ కుండ దగ్గరకు వచ్చినప్పుడెల్ల నాకు మా నాయనమ్మ విత్తనపు కుండ జ్ఞాపకము వచ్చును.

పూర్వపు మెదక్ జిల్లాలో మాకు రెండెకరముల చెలక యుండెడిది. ఎర్రనేల, బావి లేదు, ఆకాశమే ఆధారము. పచ్చజొన్నయు, నాలుగైదు సాళ్లకొక సాలు కందియు వేసెడివారము. కోతకు ముందు మా నాయనమ్మ చేనిలో ఒంటరిగా తిరుగుచు, గింజ నిండుగానున్న కంకులకు పాత చీర పేలికలు కట్టెడిది. ఆ కంకులను వేరుగా కోసి, వేరుగా ఎండబెట్టి, వేరుగా కొట్టించి, గింజలలో బూడిదయు ఎండిన వేపాకును కలిపి కుండలో పోసి, మూతికి గుడ్డ కట్టి, పైన మన్నును పేడయు కలిపి మెత్తెడిది. పిదప ఆ కుండ అటకమీదికి ఎక్కెడిది. దానిని ఎవరును తాకరాదు. దించు దినమున ఆమెయే ప్రార్థన చేసి దించవలెను. చదువురాని ఆ ముసలామెకు మంటికుండలోని క్రయపత్రమును గూర్చి ఎవరైన వివరించి చెప్పిరో లేదో నేనెరుగను. చెప్పియుండినను ఆమెకది వింతగా తోచియుండదు.

జొన్న విత్తనము ఎకరమునకు నాలుగు కిలోలు చాలును. రెండెకరములకు ఎనిమిది కిలోలు. లెక్కకు చాల చిన్నది. అయితే మేము ఏడుగురము. అది దంచి గటక వండుకొనినయెడల మూడు దినములు కడుపు నిండును. విత్తినయెడల, వాన కురిసినయెడల, ఏడాది గడుచును. కడుపు నిండిన కాలమున ఈ లెక్క పిల్లవాడైనను చెప్పగలడు. గుమ్మిలో గింజ నిండుకొనిన తరువాత ఆ కుండను చూచుచు ఇదే లెక్క చెప్పుట కష్టము.

1987లో దేశములో చాలచోట్ల కరవు వచ్చెను. నాకప్పుడు ఎనిమిదేండ్లు. అంతకు ముందటి ఏడును మా చెలకలో పంట సగమే. కాబట్టి రోహిణికార్తెకు ముందే గుమ్మి అడుగు కనబడెను. పగలు పెద్దలు కూలికి పోయి తెచ్చినదానితో ఒక పూట, రాత్రి గంజి. ఒకనాటి రాత్రి నా చిన్న చెల్లెలు ఆకలికి ఏడ్చుచుండగా మా అమ్మ ఏమియు మాటలాడక తల యెత్తి అటకవైపు చూచెను. మా నాయనమ్మ అది గ్రహించి, "అది మనది కాదు బిడ్డా, వచ్చే ఏటిది" అనెను. ఆమె కఠినురాలు కాదు. తన గంజి గిన్నె చెల్లెలికి ఇచ్చి తాను నీళ్లు త్రాగి పండుకొనెను.

మృగశిర పొడిగా పోయెను. ఆరుద్రలో ఒక వాన పడగానే నాయన గొర్రు కట్టెను. నాయనమ్మ వెనుక నడచుచు జడ్డిగములో గింజలు విడుచుచుండెను. ఆమె చెంపలమీద నీళ్లు కారుచుండుట నేను చూచితిని. ఏమైనదని అడిగిన, కంట దుమ్ము పడినదనెను. పెద్దయి వేదాంత పాఠశాలలో 126వ కీర్తన చదువుకొనినప్పుడు, విత్తువాడు ఏల ఏడ్చునని మా గురువులు ప్రశ్న వేసిరి. చెర, దుఃఖము, పశ్చాత్తాపము అని తలకొక విధముగా చెప్పితిమి. అవన్నియు సరియైనవే. అయితే వ్యాఖ్యాన గ్రంథములను తెరువకమునుపే నాకొక కారణము తెలియును. బిడ్డల నోటికి పోవలసిన గింజను మంటిపాలు చేయుచున్నాడు గనుక విత్తువాడు ఏడ్చును. అది మరల వచ్చునని ఎవరును వ్రాసి ఇయ్యలేదు.

నిజమునకు ఆ యేట అది మరల రాలేదు. మొలక లేచి నాలుగాకులైనది. పిదప మూడు వారములు చుక్క పడలేదు. మొలకలన్నియు మాడిపోయెను. కుండ ఖాళీ, చేను ఖాళీ. మా నాయనమ్మ విశ్వాసము వ్యర్థమైనదా? ఈ ప్రశ్నను తప్పించుకొని నిరీక్షణను గూర్చి బోధించు ప్రసంగము నాకు రుచింపదు. విత్తిన ప్రతివాడును ఆ యేటనే పనలు మోసికొని వచ్చునని కీర్తన మనకు మాట ఇయ్యలేదు.

శ్రావణము వెళ్లుచుండగా రెండు మంచి వానలు పడెను. జొన్నకు కాలము మించిపోయినది. మా చెలకకు ఆనుకొనియున్న చేను గల ఒక వృద్ధురాలు, మన సంఘమునకు చెందినది కాదు, తన కుండలోనుండి కుంచెడు ఉలవలు తెచ్చి మా గడపలో పెట్టెను. ఆ దినములలో విత్తనము అప్పు తీసికొనినయెడల పంట వచ్చినప్పుడు నాగు కలిపి కొలిచి ఇయ్యవలెను. ఆమె నాగు మాట ఎత్తలేదు. "వాన పోతది, జల్ది చల్లుండ్రి" అని మాత్రము చెప్పి వెళ్లెను. దేవుడు మాకు ఆ యేట జొన్నలియ్యలేదు, ఉలవలిచ్చెను. క్రిస్మసునాటికి మా యింట ఉలవగుగ్గిళ్లు ఉడికినవి. ఎడ్లకు పొట్టు మిగిలినది. మా నాయనమ్మ కాపాడిన కుండ ఆ యేట మమ్మును బ్రదికింపలేదు. మరియొక ముసలామె కాపాడిన కుండ బ్రదికించినది. ఈ సంగతి తలంచినప్పుడెల్ల, నిరీక్షణ అను మాటను 'నా' అను మాటతో కలిపి పలుకుటకు నాకు సంకోచము కలుగును. ఆ కీర్తనను చదివి చూడుడి. పాడువారు 'మేము' అనియే పాడుచున్నారు.

యిర్మీయా సంగతియు అట్టిదే. అతడు ఆ పొలములో సేద్యము చేసినట్లు ఎక్కడను వ్రాయబడలేదు. పట్టణము పడిన పిమ్మట జనులు అతనిని ఐగుప్తునకు తీసికొనిపోయిరి. పత్రము అతనిది, కుండ అతనిది, పంట తరువాతివారిది. మన మెదక్ దేవాలయమును చూడుడి. పాస్నెట్ దొరగారి పర్యవేక్షణలో, కరవు దినములలో ఆకలిగొన్న బీదలకు పని కల్పించుచు దానిని కట్టిరి. దాదాపు పదేండ్లు పట్టెను. 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠించిరి. ఆ రాళ్లు మోసిన కూలివారిలో నేడు ఎవరును లేరు. మండుటెండలో మనము పోయి దాని నీడలో కూర్చుండుచున్నాము.

పండిన యేండ్ల సంగతియు కొంచెము చెప్పవలెను. లేనియెడల మా చెలకమీద నేరము మోపినవాడనగుదును. జొన్నతో కూడ విత్తిన కంది మొదట మూడు నెలలు చూచుటకు దిక్కులేని మొక్కవలె నుండును. జొన్న తలమీదికి పెరుగును. కంది దాని నీడలో సన్నగా, పాలిపోయి నిలుచును. పిల్లవాడనైన నేను దానిని పీకివేయుదమా యని నాయనను అడిగితిని. "దానికింక పొద్దు రాలేదు" అని నాయన నవ్వెను. జొన్న కోసిన తరువాత చేనికి వెలుతురు వచ్చును. అప్పుడు కంది కొమ్మలు చాచి, పసుపుపచ్చగా పూచి, సంక్రాంతి దాటిన తరువాత కాయలు నిండి నిలుచును. పౌలు రోమా సంఘమునకు వ్రాయుచు, కంటికి కనబడినది నిరీక్షణ కాదనెను. ఆ మాటకు మా నాయన చెప్పినదానికంటె మంచి వ్యాఖ్యానము నాకు ఇంతవరకు దొరకలేదు.

ఇప్పుడు మన యిండ్లలో ఆ కుండ లేదు. 2002లో బీటీ పత్తికి అనుమతి వచ్చినది మొదలుకొని మన చెలకలు చాలవరకు పత్తిచేలైనవి. ఆ విత్తనము ప్యాకెట్టులో వచ్చును. అది సంకరము గనుక పంటనుండి తీసి మరల విత్తిన సరిగా రాదు, ఏటేట కొనవలెను. పూర్వకాలమే మేలని నేననుట లేదు. ఆ కాలపు ఆకలిని నేను చూచినవాడను. అయితే పూర్వము విత్తనము అటకమీదినుండి దిగెడిది, ఇప్పుడు మనలో అనేకులకు అప్పు చిట్టీతో కూడ దుకాణమునుండి వచ్చుచున్నది. వాన ముఖము చాటువేసినయెడల రెండవసారి ప్యాకెట్లు, రెండవ అప్పు. భూమి కౌలుదైనయెడల చెప్పనక్కరలేదు.

ఇట్టి కౌలుదారుడైన ఒక సహోదరుడు నాయొద్దకు వచ్చి, "అయ్యగారూ, రెండుసార్లు పెట్టిన. మూడోసారి పెట్టుమని దేవుడు చెప్తున్నడా?" అని అడిగెను. వాన వచ్చునని నేనతనికి చెప్పలేదు. దేవుడు నాకు చెప్పనిదానిని నేనెట్లు చెప్పుదును? అతని అప్పెంతో భార్యకు తెలియునా యని మాత్రము అడిగితిని. తెలియదనెను. ఆ సాయంకాలమే సంఘపెద్ద నొకరిని వెంటబెట్టుకొని వారి యింటికి పోయితిమి. కాగితములన్నియు దీపము ముందు పరచి లెక్క చూచితిమి. అప్పు తగ్గలేదు. కాని ఆ రాత్రి అతడు నిద్రపోయెనని మరునాడు అతని భార్య చెప్పినది.

యిర్మీయా ఆ పత్రమును ఒంటరిగా మూలకూర్చుండి వ్రాసికొనలేదు. చెరసాల ఆవరణములో కూర్చున్న యూదులందరి యెదుట వ్రాయించెను. ముద్రవేసిన ప్రతి ఒకటి, అందరును చదువుకొనుటకు తెరచిన ప్రతి ఒకటి, రెండును ఒకే కుండలో ఉంచెను. మన కష్టమునకును తెరచిన ప్రతి యొకటి యుండవలెను. తాను లేకపోయినయెడల ఇంటివారు తేలికపడుదురని ఎవని మనస్సైన రాత్రివేళ చెప్పుచున్నయెడల, సహోదరుడా, అది అబద్ధము. అప్పు తీరుటకంటె నీవుండుట నీ యింటికి ముఖ్యము. ఏ జామునైనను నా తలుపు తట్టుము. పిల్లలు నిద్రపోవుచున్నారని వెనుదీయవద్దు.

మన ప్రభువును మంటిలో ఉంచి, రాయి దొర్లించి, దానికి ముద్రవేసిరి. గోధుమగింజ భూమిలో పడి చచ్చుటను గూర్చి ఆయన ముందే చెప్పియుండెను. మూడవ దినమున ఆ ముద్ర నిలువలేదు. యిర్మీయా కుండయు, మా నాయనమ్మ కుండయు నాకు ఎంత ప్రియమైనవైనను, ఈ ఖాళీ సమాధి లేనియెడల అవి రెండును పగిలిపోవు మట్టియే.

ఈ యేటి కోత పండుగను గూర్చి ఒక మనవి. స్త్రీల సహవాసమువారు పిడికెడు బియ్యము యథాప్రకారము పోగుచేయుదురు. దానికి తోడు, కంది గాని జొన్న గాని ఉలవలు గాని పండించిన ప్రతి యిల్లును మానెడు విత్తనము వేరుగా తేవలెనని పెద్దలు నిర్ణయించిరి. వాటిని దేవాలయపు పక్కగదిలో కుండలలో ఉంచెదము. మొలక మాడినవారు, ఏ సంఘమువారైనను సరే, నాగు లేకుండ తీసికొని పోవచ్చును. ఎవరు తీసికొనిరో ఆరాధనలో చదువము. కుండలు మూడు కుమ్మరితో చెప్పియున్నాము. బూడిద పొయ్యిలోనిది జల్లించి తెండి. వేపాకు నీడన బాగుగా ఎండినదై యుండవలెను. పచ్చి ఆకు వేసినయెడల గింజ బూజు పట్టును.