మనలను ఎరుగని వారిని ప్రేమించుట



ప్రేమను గూర్చి మనము ఎన్నో ప్రసంగములు వినియున్నాము. తల్లి బిడ్డను ప్రేమించుట, పొరుగువానిని ప్రేమించుట, శత్రువును సహా ప్రేమించుట, ఇవన్నియు మనకు తెలిసిన పాఠములే. అయితే వీటిలో ప్రేమింపబడువాడు సాధారణముగా మన కెదురుగా నుండును. శత్రువైనను మన పేరు ఎరిగియుండును. మన పేరే ఎరుగనివానిని, సముద్రముల కావల నుండువానిని, మన భాష యొక్క మాటయైనను రానివానిని ఏండ్ల తరబడి ప్రేమించువారు లోకమున కలరు. అది ప్రేమ యనిపించుకొనునా? వట్టి వ్యామోహమా? లేక మనము మందిరములో తరచుగా వినెడి మాట చొప్పున విగ్రహారాధనయా? ఈ మాసము దీనిని గూర్చి కొంచెము ఆలోచింతము. నేను తీసికొన్న ఉదాహరణము మీలో అనేకులకు క్రొత్తది గనుక ముందుగా దానిని వివరింపవలెను.

జపాను దేశమున "విజువల్ కెయ్" అను ఒక తరహా వాద్యబృందములు కలవు. "కెయ్" అనగా వంశము, లేక పద్ధతి. చెవికేగాక కంటికిని పెద్దపీట వేయు పద్ధతి యని భావము. పురుషులే ముఖమునకు తెల్లని రంగు, కన్నులకు కాటుక, పెదవులకు ఎరుపు పూసికొని, తలవెండ్రుకలను జానెడేసి నిలువుగా నిలిపి, గిటారులు, డ్రమ్ములు చెవులదరునట్లు వాయింతురు. అంతలోనే పియానో ముందు కూర్చుండి మెల్లని విలాపగీతము నెత్తుకొందురు. దీనిని విని నవ్వుటకు తొందరపడకుడి. 1629లో స్త్రీలు రంగస్థల మెక్కరాదని జపాను ప్రభుత్వము నిషేధించినది మొదలు, అక్కడి కబుకి నాటకములలో స్త్రీ వేషములను పురుషులే వేయుచు వచ్చిరి. మన భాగవత మేళములలో సత్యభామ జడ వేసినవారును మగవారే గదా.

ఈ బృందములలో ముందు నడచినవారిలో "ఎక్స్" అనునది ఒకటి. 1982లో చిబా ప్రాంతపు తతెయామా అను ఊరి బాల్యస్నేహితులైన యోషికి, తోషి అనువారు దానిని స్థాపించిరి. 1989లో వెలువడిన వారి "బ్లూ బ్లడ్" అను సంపుటపు అట్టమీది నినాదములో "విజువల్" అను మాట యుండెను. ఈ పద్ధతికి పేరు అక్కడనుండియే వచ్చినదని చెప్పుదురు. 1992లో బృందము పేరు "ఎక్స్ జపాన్" అయ్యెను. యోషికికి పదియేండ్ల ప్రాయమున తండ్రి తన ప్రాణము తానే తీసికొనెను. ఆ గాయము ఆయన కట్టిన పాటలలో ఎన్నిటనో వినబడును. డ్రమ్ములు వాయించుచు తలను విదిలించి విదిలించి ఆయన మెడ ఎముకలు పాడుచేసికొని, 2009లోను, మరల 2017లోను శస్త్రచికిత్స పొందవలసి వచ్చెను. ఇది వివేకమని నేననను. అయితే ఒంటరితనములో నున్న పదునైదేండ్ల పిల్లకు ఆ దృశ్యము ఏమి చెప్పునో ఊహింపగలను: నా బాధవంటి బాధ మరియొకనికిని గలదు, వాడు దానిని దాచుకొనుట లేదు, అని చెప్పును.

ఆ పిల్ల జపానులోనే యుండనక్కరలేదు. జర్మనీలోనో, ఫ్రాన్సులోనో, బ్రెజిలులోనో ఉండవచ్చును. 2005 మే నెలలో "డిర్ ఎన్ గ్రే" అను బృందము మొదటిసారి బెర్లిన్ నగరమునకు వచ్చినప్పుడు, పెద్ద ప్రచారమేమియు లేకయే టిక్కెట్లన్నియు అమ్ముడైపోయెను. ఒకరికొకరు తెలియక ఊరి కొకరుగా చెదరియున్నవారు ఆ రాత్రి ఒక కప్పు క్రింద చేరిరి. వారివంటివారు ఇందరున్నారని అంతవరకు వారికే తెలియదు.

అట్టి యువతి దినచర్య యెట్లుండునో చూడుడి. టోక్యోలో సాయంకాలము ఆరు గంటలైనప్పుడు జర్మనీలో చలికాలపు ఉదయము పది గంటలు. ఆమె ప్రేమించువారు పాడుచున్న వేళ ఆమె బడిలో లెక్కలు చేయుచుండును. ఆ పాటల అర్థము తెలియుటకు ఆమె జపాను భాష నేర్చుకొనును. రెండు విధముల అక్షరమాలలు, వాటిపైన వేలకొలది చిత్రలిపి గుర్తులు. ఎవరును కొట్టి నేర్పినది కాదు. ఒక సంపుటము వెల మూడువేల యెన్నుల ప్రాంతము. దానికి తపాలా ఖర్చు, జపానులో కొని పంపు మధ్యవర్తి కూలి చేరును. ఒకే పాటను రెండు మూడు రకముల అట్టలతో, రకమున కొక్క అదనపు పాట చేర్చి అమ్ముదురు. అన్నియు కావలెననువారు మూడు మారులు కొనవలెను. ఇక "చెకి" యను చిన్న ఛాయాచిత్రము లున్నవి. కవరు తెరచువరకు అందులో ఎవరి బొమ్మ యున్నదో తెలియకుండ అమ్ముట వాడుక. తనకు ప్రియమైనవాని బొమ్మ వచ్చువరకు కొనుచునే యుండవలెను. ఇది జాతరలో లాటరీ చీటీలమ్ముటకు దగ్గరి చుట్టము. అమ్ముడుపోవునది బొమ్మయని పైకి కనబడును గాని, నిజముగా వెల కట్టబడునది ఆ పిల్ల ఆశ. మన పెద్దలు ఇట్టి సంగతి విన్నప్పుడు కొన్న పిల్లనే మందలింతురు. నా మట్టుకు నేను, ఆ కవరును అంటించిన చేతిని ముందుగా మందలింతును.

మరియొక ప్రక్కను కూడ చెప్పుట న్యాయము. ఈ సంపుటములు చాలకాలము విదేశములలో దొరకనే లేదు. అందుచేత అనేకులు దొంగ ప్రతులు చేసికొని, ఒకరినుండి ఒకరు పంచుకొని వినిరి. ప్రాణమిచ్చునంతగా ప్రేమించుచున్నామని చెప్పుచు, పాడినవానికి కాసైనను ముట్టజెప్పని ప్రేమ అది. వారిలో చాలమంది తరువాత సంపాదనపరులైనప్పుడు అవే సంపుటములను వెల యిచ్చి కొని అరలలో పెట్టుకొనుట కలదు. ఎవరు అడుగకయే బాకీ తీర్చిన సంగతిని నేను చులకన చేయను.

ఈ ధనమంతయు వ్యర్థము కాదా, బీదలకిచ్చిన మేలు గదా యని మీరడుగుదురు. అడుగవలసిన ప్రశ్నయే. కాని అత్తరుబుడ్డి పగులగొట్టిన స్త్రీని గూర్చి సణుగుకొన్నవారు కూడ బీదల పేరే చెప్పిరని మనకు తెలియును గనుక, ఇతరుల ఖర్చును లెక్కించునప్పుడు కొంచెము భయముతో లెక్కింతము. ప్రేమ యున్నచోట కొంత ఒలికిపోవుట తప్పదు. తల్లిదండ్రుల కష్టార్జితము ఒలికిపోయిన, లేక అప్పుచేసి ఒలకబోసిన, అది వేరు మాట. దానిని నేను సమర్థింపను.

ఇది జపానునకు పోయిన ప్రేమ. జపానునుండి మనవైపునకు వచ్చినదియు ఉన్నది. 2022 అక్టోబరు 21న "ఆర్ ఆర్ ఆర్" చిత్రము జపానులో విడుదలయైన తరువాత, అక్కడి స్త్రీలు కొందరు తెలుగు అక్షరములు దిద్దుట మొదలుపెట్టిరి. 2024లో ఒక తెలుగు చిత్రమును మన జనుల నడుమ కూర్చుండి చూచుటకే కొందరు విమానమెక్కి హైదరాబాదు వచ్చిరి. మన పిల్లలు బద్ధకించు గుణింతములను ఆ పరదేశులు ఇష్టపడి నేర్చుకొనిరి. వారిని చూచి మనము ముచ్చటపడితిమి గాని, విగ్రహారాధకులని ఎవరును అనలేదు. బెర్లిన్ పిల్ల విషయములో వేరు తీర్పు ఏలనో నాకు తోచదు.

ఇప్పుడు అసలు ప్రశ్నకు వత్తము. విగ్రహమునకు జబ్బు చేయదు, అది పొరబడదు, చావదు. ఈ మనుష్యులకు ఇవన్నియు కలిగినవి. 1997 సంవత్సరపు చివరి రాత్రి ఎక్స్ జపాన్ టోక్యోలో కడపటి కచేరీ చేసి విడిపోయెను. నాలుగు నెలలు గడచి 1998 మే 2న వారి గిటారు వాద్యకుడు హిదే 33 ఏండ్ల వయస్సున మరణించెను. ఆ మరణమెట్లు సంభవించెనో యను విషయమున అధికారులు ఒకటి తలంచిరి, సహచరులు మరియొకటి తలంచిరి. మే 7న టోక్యోలోని త్సుకిజి హొంగాన్జి అను బౌద్ధాలయములో జరిగిన అంత్యక్రియలకు సుమారు 50,000 మంది వచ్చిరి. ఆ దినములలో కొందరు అభిమానులు తమ ప్రాణములు తాము తీసికొనిరి. దుఃఖములో మునిగియున్న యోషికియే ప్రజల ముందుకు వచ్చి, అట్లు చేయవద్దని వారిని బ్రతిమాలుకొనవలసి వచ్చెను.

ఇక్కడ నేను కఠినముగానే మాటలాడుదును, చనిపోయిన పిల్లలను గూర్చి కాదు, వారి చుట్టునున్న మనవంటివారిని గూర్చి. ఆ పిల్లలకు హిదే ఒక్కడే ఆసరా యైనాడనిన, ఇంటిలో, బడిలో, వీధిలో మరియొక ఆసరా దొరకలేదని అర్థము. ఒక మనుష్యుడు ఎంత గొప్పగా గిటారు వాయించినను, వేల ప్రాణముల బరువు మోయజాలడు. మోయుమని వాని నడుగుటయు దయ కాదు. వాడును బరువుతో నున్నవాడే.

ఇది తోషి సంగతిలో మరింత స్పష్టము. ఆయన గొంతు విని ధైర్యము తెచ్చుకొంటిమని ఎన్ని దేశములవారో చెప్పుదురు. ఆ గొంతు గలవాడు బృందము విడిచి, ఆత్మవికాసము నేర్పుదుమని చెప్పుకొను ఒక గుంపు చేతిలో పడెను. 2010 జనవరిలో పత్రికలవారి ముందు నిలిచి, ఏండ్ల తరబడి తన మనస్సు తన వశములో లేకపోయెననియు, సంపాదన అంతయు వారి పాలయ్యెననియు చెప్పెను. ఇతరులకు దారి చూపిన దీపమువంటివాడు తానే చీకటిలో తడవులాడుచుండెను. వినువారికి ఆ సంగతి తెలియదు. తెలిసిన తరువాత అభిమానులేమి చేసిరి? కొందరు వెక్కిరించిరి. మిక్కిలి అనేకులు ఆయనను మరల చేర్చుకొనిరి. 2011లో బృందము ఐరోపాకు, దక్షిణ అమెరికాకు వెళ్లినప్పుడు, సావోపాలో నగరములో చేతులు రెండును పైకెత్తి అడ్డముగా దాటించి, ఒక్కసారిగా ఎగురుచు ఆయనతో కలిసి పాడిరి. విగ్రహము పగిలిన, పూజారి దానిని బావిలో వేయును. పగిలినవానిని మరల ఇంటికి తెచ్చుకొన్నవారిని ఏమనవలెనో మీరే చెప్పుడి.

ఇట్టి ప్రేమలో మరియొక బాధ యున్నది. దానిని గూర్చి ఎవరును అంతగా చెప్పరు. 2023 అక్టోబరులో "బక్-టిక్" గాయకుడు సకురాయ్ అత్సుషి యొకొహామా కచేరీ నడుమ అస్వస్థుడై అదే రాత్రి మరణించెను. అదే నెల చివర ఎక్స్ జపాన్ లోని హీత్ పోయెను. 2024 ఏప్రిలులో "ది గెజెట్" బృందపు రెయిత పోయెను. దూరదేశములోని అభిమానికి ఆ వార్త ఏ తెల్లవారు జామునో తెలియును. ఆమె పనికి పోవలెను. మా యింటివారు పోయిరని చెప్పుటకు లేదు, సెలవడుగుటకు లేదు, పలకరించువారు లేరు. మన పల్లెలలో చావు జరిగిన యింటికి పొయ్యి మీది అన్నము దించి పరుగెత్తుదురు. ఆమె దుఃఖమునకు అట్టి ఇల్లే లేదు. ఆమెను పలకరించునది తనవంటి మరియొక పరదేశపు పిల్లయే. ఇరువురికిని వచ్చిన భాష వచ్చీరాని జపానో, వచ్చీరాని ఇంగ్లీషో. ఆ బృందమువలన కలిగిన స్నేహములు, బృందము పోయిన తరువాతను నిలిచియుండుట తరచుగా చూచెదము. ఒకరి పెండ్లికి ఒకరు సముద్రము దాటి పోవుదురు. ఎరుగనివానిని ప్రేమింపబోయి, ఎరిగినవారిని సంపాదించుకొనిరి.

అయినను ఒకవైపు ప్రేమ ఒకవైపు ప్రేమయే. అందులో కొరత లేదని నేను చెప్పజాలను. ఆ కొరత యెట్టిదో హిదే జీవితములోని ఒక్క సంగతి చూపును. కోలుకొనరాని అరుదైన వ్యాధి గల ఒక బాలిక ఆయన అభిమాని. రోగులైన పిల్లల కోరికలు తీర్చు "మేక్-ఎ-విష్" అను సంస్థ ద్వారా 1995 చివర ఆమె ఆయనను కలిసికొనెను. ఒక్క ఫొటో దిగి పంపివేసిన ఎవరును తప్పుపట్టరు. ఆయన అట్లు చేయలేదు. ఉత్తరములు వ్రాసెను, ఆమె స్థితి విషమించినప్పుడు ఆసుపత్రికి వెళ్లెను, 1996లో తన ఎముకల మూలుగను అక్కరగలవారికి దానము చేయుటకు పేరు నమోదు చేయించుకొనెను. ఆ వార్త విని ఆయన అభిమానులును పేర్లిచ్చిరి. ఎర్రని జుట్టు నిలువబెట్టుకొని కేకలువేయు ఆ మనుష్యుని గూర్చి జపాను పెద్దలు అంతకు ముందేమి తలంచిరో మనము ఊహింపవచ్చును.

ఆ బాలికకు దొరికినది మిగిలిన లక్షలమందికి దొరకదు. ఒక మనుష్యుడు అందరి పేర్లు ఎరుగుట సాధ్యము కాదు. ఆ మాట వారికిని తెలియును. తెలిసియు ఉత్తరములు వ్రాయుదురు.

హిదే సమాధి కనగావా ప్రాంతములో, సముద్రమునకు దగ్గరనున్న మియురా శ్మశానవాటికలో నున్నది. మే నెల వచ్చునప్పుడు అక్కడికి పూవులు తెచ్చువారు నేటికిని కలరు; రాతిమీది అక్షరములను కూడబలుకుకొని చదువు విదేశస్థులును వత్తురు. వారిలో కొందరు ఆయన పోయిన తరువాత పుట్టినవారు.