నాయనమ్మ కుండ

బిడ్డా,

కోదాడలో నీ కొత్త ఇల్లు చూసొచ్చిన రోజు నుంచీ రాయాలనుకుంటున్నా. ఇల్లు బాగుంది. అబద్ధమెందుకు, ఆ మెట్ల రాయి తడిమి చూసి మురిసిపోయా. కానీ సోఫా మీద ప్లాస్టిక్ కవరు ఇంకా తీయలేదు. నలుగురూ నాలుగు గదుల్లో ఫోను చూసుకుంటూ తిన్నారు. గేటు దాకా సాగనంపుతూ, "అన్నీ ఉన్నయ్ పెదనాయనా, ఎందుకో ఏదీ ఉన్నట్టు లేదు" అన్నావు. అప్పుడు నాకు జవాబు తోచలేదు.

డబ్బు పాపమని చెప్పను. 1967లో సాగర్ కాల్వలకు నీళ్లు వదలక ముందు ఈ పొలాల్లో ఆకలేమిటో మీ నాయనమ్మకు తెలుసు. పేదరికం గొప్పదని చెప్పేది కడుపు నిండినోళ్లే.

లూకా సువార్త 12వ అధ్యాయంలో రైతు గుర్తున్నాడా? దొంగేం కాదు. కూలి ఎగ్గొట్టాడనీ ప్రభువు చెప్పలేదు. పంట విరగపండింది, పాత కొట్లు పీకి పెద్దవి కడదామనుకున్నాడు. మిర్యాలగూడ మిల్లు ముందు వడ్ల ట్రాక్టరుతో వరుసలో నిలబడి మనం వేసుకునే లెక్కే అది. నన్ను పట్టుకున్న ముక్క వేరే ఉంది. అంత పంట పండినా అతను ఎవరితోనూ మాట్లాడడు. తన ప్రాణానికి తనే చెప్పుకుంటాడు, తిను తాగు అని. చివరికి ఆ రాత్రి దేవుడే వచ్చి మాట్లాడాల్సొచ్చింది. నీ వెలితి అక్కడే ఉందేమో చూసుకో.

మన నడిగూడెం కోటలో ఎన్ని పుట్ల ధాన్యం నిలవుండేదో ఇప్పుడెవరికి కావాలి? ఆ కోట దొర రాజా నాయని వెంకట రంగారావుగారి పేరు చెబితే 1901లో హైదరాబాదులో పుట్టిన శ్రీకృష్ణదేవరాయ ఆంధ్ర భాషా నిలయం గుర్తొస్తుంది, ఇక్కడ ఆయన ఆదరించిన పింగళి వెంకయ్యగారు గుర్తొస్తారు. రాజావారు మన మతం వారు కాదులే. అయినా చెయ్యి విప్పడం తెలిసిన మనిషి.

మీ నాయనమ్మ ఎసట్లో బియ్యం పోసే ముందు గుప్పెడు తీసి మూలనున్న కుండలో వేసేది. ఆదివారం అవి చర్చికి పోయేవి. ఒకనాడు చాటలో బియ్యం మరీ తక్కువున్నాయి. ఇయ్యాళ మానేస్తుందేమోనని నేను పక్కనే కూర్చుని చూస్తున్నా. పిడికిలి చిన్నది చేసింది, అంతే.

ఆ కుండ మా అటక మీదే ఉంది. ఆదివారం ఆరాధన అయ్యాక పిల్లల్ని తీసుకొచ్చి దింపుకొని పో. అటకెక్కడం ఇప్పుడు నా వల్ల కాదు.