సరిపోయే కొలత

కారుతో పాటు వచ్చిన టైరు అరిగిపోయాక అదే రిమ్ముకు ఏ కొలత టైరు వేయాలి? ఈ ప్రశ్నకు రెండు తేలిక జవాబులు వినిపిస్తుంటాయి. కంపెనీ రాసిన అంకె తప్ప మరేదీ పనికిరాదన్నది ఒకటి. రిమ్ముకు ఎక్కి బండి కదిలితే చాలు, మిగతాదంతా యజమాని ఇష్టమన్నది రెండోది. ‘సరైనది’ అంటే ఏమిటని తత్వవేత్తలు తరతరాలుగా సాగించిన వాదంలోనూ ఈ రెండు పక్షాలే ఎదురుపడతాయి. సరైనది దేనితోనూ నిమిత్తం లేకుండా తనంతట తాను స్థిరంగా ఉంటుందని ఒక పక్షం అంటుంది. ఎవరికి నచ్చింది వారికి సరైనదని మరో పక్షం అంటుంది. టైరు కొలతను నిదానంగా పరిశీలిస్తే రెండు పక్షాలూ నిలవవు. సరైన కొలత వస్తువుల మధ్య సంబంధంలో ఉంటుంది. అయినంత మాత్రాన అది ఎవరి ఇష్టానికీ లొంగదు.

అంకె చెప్పేది

మన రోడ్ల మీద తిరిగే చాలా కార్ల టైర్ల మీద 185/65 ఆర్ 15 88 హెచ్ అనే గుర్తు కనిపిస్తుంది. 185 అంటే టైరు వెడల్పు, మిల్లీమీటర్లలో. 65 అంటే పక్కగోడ ఎత్తు ఆ వెడల్పులో 65 శాతమని. ఆర్ అంటే రేడియల్ అల్లిక. 15 రిమ్ము వ్యాసం, అంగుళాల్లో. 88 మోయగల బరువుకు సూచిక: ఒక్కో టైరుకు 560 కిలోలు. హెచ్ గంటకు 210 కిలోమీటర్ల వేగాన్ని తట్టుకోగలదని చెబుతుంది.

ఈ గుర్తులో 65 అనే అంకె దగ్గర కాస్త ఆగాలి. అది పొడవు కాదు, నిష్పత్తి. 185లో 65 శాతం 120.25 మిల్లీమీటర్లు, 195లో అదే 65 శాతం 126.75 మిల్లీమీటర్లు. అంకె మారకుండానే గోడ ఎత్తు పెరిగింది. పక్కనున్న అంకె తెలియకపోతే 65కు కొలతగా విలువే లేదు.

లెక్క కష్టమైనదేమీ కాదు. 15 అంగుళాలంటే 381 మిల్లీమీటర్లు. దానికి పైగోడ, కింది గోడ కలిపి 240.5 చేర్చితే టైరు మొత్తం వ్యాసం 621.5 మిల్లీమీటర్లు. కారు మిగతా భాగాలన్నీ ఈ వ్యాసాన్ని నమ్ముకునే పనిచేస్తాయి. చక్రం ఎన్ని చుట్లు తిరిగిందో లెక్కించే స్పీడోమీటరుకు ఒక్కో చుట్టుకు బండి ఎంత దూరం పోతుందో ముందే నిర్ణయించి ఉంటుంది. గేర్ల నిష్పత్తులు, మడ్‌గార్డు లోపలి ఖాళీ, సస్పెన్షన్ కదలిక కూడా ఆ వ్యాసాన్ని లెక్కలోకి తీసుకుని కుదిర్చినవే.

ఇప్పుడు అదే రిమ్ముకు నాలుగు ప్రత్యామ్నాయాలు చూడవచ్చు. రిమ్ము వెడల్పు 5.5 అంగుళాలు అనుకుందాం. 195/60 వేస్తే వ్యాసం 615 మిల్లీమీటర్లు, అంటే ఒక శాతం తక్కువ. 195/65 వేస్తే 634.5, రెండు శాతం ఎక్కువ. 205/65 వేస్తే 647.5, నాలుగు శాతం పైగా ఎక్కువ. ఈ మూడింటినీ 5.5 అంగుళాల రిమ్ము ఒప్పుకుంటుంది. కానీ 205/65 వేసినప్పుడు ట్రెడ్ 13 మిల్లీమీటర్ల మేర మడ్‌గార్డుకు దగ్గరవుతుంది. స్పీడోమీటరు అంతకుముందు ఖచ్చితంగా చూపిస్తూ ఉంటే, ఇకమీదట అది 100 చూపినప్పుడు బండి నిజంగా 104 వేగంతో పోతుంటుంది. నాలుగోది 175/65, బరువు సూచిక 84. రిమ్ముకు కుదురుతుంది, వ్యాసం 608.5 కాబట్టి తేడా రెండు శాతమే. అయితే అది మోసేది 500 కిలోలు మాత్రమే. ఒక్కో చక్రం దగ్గర 60 కిలోల సామర్థ్యం తగ్గిపోయింది. కారు నిండా మనుషులతో, డిక్కీ నిండా సామానుతో ఎండాకాలం దూరప్రయాణం చేసే కుటుంబానికి అది చిన్న తేడా కాదు.

ఒక సంబంధంలో నెగ్గిన టైరు మరో సంబంధంలో ఓడుతోంది. కాబట్టి ‘ఈ టైరు సరైనదేనా’ అన్న ప్రశ్నకు టైరును ఒక్కదాన్నే చూసి జవాబు చెప్పడం కుదరదు.

రథం ఎక్కడుంది

ఈ పరిశీలనకు భారతీయ తత్వశాస్త్రంలో పాత తోవ ఒకటి ఉంది. క్రీస్తుపూర్వం రెండో శతాబ్దపు ఇండో-గ్రీకు రాజు మిళిందుడికీ బౌద్ధ భిక్షువు నాగసేనుడికీ జరిగినట్టు పాళీ గ్రంథం చెప్పే సంవాదంలో రథం ప్రస్తావన వస్తుంది. రాజు రథమెక్కి వచ్చాడు. ఇరుసు రథమా, చక్రాలు రథమా, నొగలు రథమా అని భిక్షువు ఒక్కొక్కటే అడిగాడు. రాజు దేనికదే కాదన్నాడు. విడివిడి భాగాలేవీ రథం కావు, వాటిని వదిలేస్తే వేరే రథమూ లేదు. భాగాలన్నీ తగిన తీరులో కూడినప్పుడు వాడుకలో వచ్చే పేరే రథం అన్నది ఆ సంవాదం తేల్చిన విషయం. ఏడో శతాబ్దంలో బౌద్ధ ఆచార్యుడు చంద్రకీర్తి ఇదే విచారణను ఏడు విధాలుగా విస్తరించాడు. భాగాలను ఒకచోట కుప్పగా పోసినా రథం కాదనీ, ఆకారం ఒక్కటే రథం కాదనీ చూపాడు.

న్యాయదర్శనాన్ని అనుసరించే నైయాయికులు దీన్ని ఒప్పుకోలేదు. అవయవాలకు వేరుగా అవయవి అనే నిజమైన వస్తువు ఉందనీ, అది అవయవాలను ఆశ్రయించి ఉంటుందనీ వారి సిద్ధాంతం. బౌద్ధులకు కారు ఒక వ్యవహారనామం, నైయాయికులకు అదొక వాస్తవ ద్రవ్యం. శతాబ్దాలు సాగిన ఈ తగాదాలో ఎవరి పక్షం వహించినా టైరు విషయంలో ఫలితం ఒకటే. టైరు జవాబు చెప్పుకోవలసింది తనకు కాదు, తాను చేరబోయే సముదాయానికి. ‘సరైన’ అనే గుణం కోసం రబ్బరులో వెతికినా దొరకదు, రిమ్ములో వెతికినా దొరకదు. రెండూ కలిసి, కారు బరువుతో, వేగంతో, ఖాళీతో కుదిరినప్పుడే ఆ మాట అనగలం.

ఇక్కడే ఒక పొరపాటుకు తావుంది. సంబంధం మీద ఆధారపడినది నిజం కాదనీ, కాబట్టి ఏదైనా చెల్లుతుందనీ అనుకోవచ్చు. కృష్ణాతీరంలోని నాగార్జునకొండ ఎవరి పేరు మీద వెలసిందో ఆ ఆచార్య నాగార్జునుడు ఈ ఆక్షేపణకు సూటిగా సమాధానమిచ్చాడు. బండి, కుండ, బట్ట పరస్పరాధారంగా పుట్టినవి కాబట్టి వాటికి స్వతంత్ర స్వభావం లేదు. అయినా బండి కట్టెలను, గడ్డిని, మట్టిని మోస్తుంది. కుండ నీళ్లను, పాలను పడుతుంది. బట్ట చలి నుంచి, ఎండ నుంచి కాపాడుతుంది. ఆధారపడి ఉండటం వల్ల వాటి పని ఆగిపోలేదు. అసలు ఆధారపడి ఉండటం వల్లే అవి పనిచేస్తున్నాయి. టైరు కొలతకూ ఇదే వర్తిస్తుంది. దాని యోగ్యత సంబంధంలో పుట్టింది కాబట్టే దాన్ని కొలవవచ్చు, పరీక్షించవచ్చు, తప్పయితే తప్పని చూపించవచ్చు.

మైలో భోజనం

గ్రీకు తత్వవేత్త అరిస్టాటిల్ ఈ విషయాన్నే నీతిశాస్త్రం వైపు నుంచి చూశాడు. ప్రాచీన గ్రీకు తూకంలో పది మినాల తిండి ఎక్కువ, రెండు మినాలు తక్కువ అయితే అందరికీ ఆరు మినాలు పెట్టాలని వ్యాయామ శిక్షకుడు అనుకోడు. మల్లయోధుడు మైలోకు ఆరు చాలకపోవచ్చు, కొత్తగా కసరత్తు మొదలుపెట్టినవాడికి అదే మితిమీరవచ్చు. పదికీ రెంటికీ నడిమి అంకె ఆరే అన్నది అంకగణితం. ఎవరికి ఎంత తగును అన్నది వివేకం. అలాగని మైలో తనకు నచ్చినంత తింటే అదే సరైన పరిమాణమని కూడా అరిస్టాటిల్ అనలేదు. అతని దేహం, అతని సాధన కలిసి నిర్ణయించే పరిమాణం ఒకటి ఉంది. దాన్ని మైలో తప్పుగా అంచనా వేసుకునే వీలూ ఉంది.

అతిని, కొరతను ఒకే తీరున చూడరాదన్నది అరిస్టాటిల్ చేసిన మరో హెచ్చరిక. రెండు అంచుల్లో ఒకటి ఎక్కువ దోషం కలిగినదై ఉంటుంది. నడిమి చోటు గురి తప్పితే తక్కువ చెడ్డ వైపు మొగ్గాలి. టైరు వ్యాసంలో ఇది స్పష్టంగా కనిపిస్తుంది. చిన్న టైరు వేస్తే స్పీడోమీటరు అసలు వేగం కంటే ఎక్కువ చూపుతుంది, నడిపేవాడు కాస్త నెమ్మదిగా పోతాడు. పెద్ద టైరు వేస్తే అది తక్కువ చూపుతుంది, తెలియకుండానే వేగం పెరుగుతుంది. ఐక్యరాజ్యసమితి ఐరోపా ఆర్థిక సంఘం రూపొందించిన వాహన నిబంధనల్లో 39వది ఈ తేడాను గుర్తించింది. స్పీడోమీటరు ఒక హద్దు మేరకు ఎక్కువ చూపవచ్చు గాని అసలు వేగం కంటే తక్కువ చూపరాదు. బరువు సూచికలోనూ ఇంతే. కావలసినదానికంటే ఎక్కువ మోయగల టైరు వల్ల పెద్దగా ప్రమాదం లేదు. తక్కువ మోసే టైరు వల్ల ఉంది.

అంచులు

వ్యాసంలో తేడా మూడు శాతం దాటకూడదన్నది వాడుకలో ఉన్న సూత్రం. మూడే ఎందుకు, మూడుంపావు ఎందుకు కాకూడదు అని అడగవచ్చు. ఒక్కొక్క గింజ తీస్తూ పోతే ధాన్యపు రాశి ఎక్కడ రాశి కాకుండా పోతుందని గ్రీకులు అడిగిన ప్రశ్న ఇలాంటిదే. దీనికి టైరే కొంత జవాబు చెబుతుంది. కొత్త కారు టైరు ట్రెడ్ లోతు ఇంచుమించు 8 మిల్లీమీటర్లు. అది 1.6 మిల్లీమీటర్లకు అరిగితే మార్చాల్సిందే. ఈలోగా వ్యాసం 12.8 మిల్లీమీటర్లు తగ్గుతుంది, 621.5లో అది రెండు శాతం. కంపెనీ నిర్ణయించిన కొలతే తన జీవితకాలంలో రెండు శాతం మారుతోంది. మొదటి రోజు టైరు, చివరి రోజు టైరు రెండూ సరైనవే అయినప్పుడు సరైనది ఒక బిందువు కాదు, ఒక పరిధి.

ఆ పరిధికి అంచులు లేవని కాదు, అన్ని అంచులూ ఒకే స్వభావం గలవి కావు. స్పీడోమీటరులో తప్పు మెల్లగా పెరుగుతుంది. మడ్‌గార్డు దగ్గర తప్పు ఒక్కసారిగా బయటపడుతుంది: తగలనంతవరకు తగలదు, తగిలిందంటే రబ్బరు కోసుకుపోతుంది. ఒకే ఇరుసుకు రెండు వేర్వేరు వ్యాసాల టైర్లు వేయడంలో సడలింపుకు చోటే లేదు. తిన్నగా పోతున్నప్పుడు కూడా రెండు చక్రాలు వేర్వేరు చుట్లు తిరుగుతాయి, ఇంజను శక్తి అందే ఇరుసైతే మధ్యనున్న డిఫరెన్షియల్ ఎప్పుడూ పనిచేస్తూనే ఉండాలి, చక్రాల వేగాన్ని పోల్చి చూసే ఏబీఎస్‌కు తప్పుడు సమాచారం అందుతుంది. అంచు ఎంత పదునైనదో సంబంధాన్ని బట్టి తెలుసుకోవాలి.

తెలిసేది ఎలా

న్యాయదర్శనం అంగీకరించిన ప్రమాణాల్లో, అంటే తెలుసుకునే సాధనాల్లో, మూడు ఇక్కడ పనికొస్తాయి. మొదటిది ఆప్తవాక్యం. విషయాన్ని నేరుగా ఎరిగి, ఉన్నదున్నట్టు చెప్పదలచినవాడే ఆప్తుడు. డ్రైవరు వైపు తలుపు తెరిస్తే కనిపించే స్టిక్కరు, యజమానికి ఇచ్చే పుస్తకం ఈ కోవలోకి వస్తాయి. బండిని తయారుచేసి పరీక్షించినవారి మాట అది. తన కారుకు పెద్ద టైరు వేసినా ఏమీ కాలేదని స్నేహితుడు చెప్పే మాటకు అంత బలం లేదు. అతను చూసింది ఒక బండి, కొన్నాళ్ల అనుభవం. రెండోది అనుమానం, అంటే హేతువు మీద ఆధారపడిన లెక్క. పైన చేసిన వ్యాసం లెక్క అదే. మూడోది ప్రత్యక్షం. కొత్త టైరు బిగించాక కారులో పూర్తి బరువు ఉంచి, స్టీరింగును రెండు వైపులా చివరిదాకా తిప్పి, మడ్‌గార్డు లోపల రాపిడి గీతలు ఉన్నాయేమో చూడాలి.

ఈ మూడూ ఒకదాని లోటు మరొకటి తీరుస్తాయి. ముఖ్యంగా ప్రత్యక్షానికి అందనివి కొన్ని ఉంటాయి. 84 సూచిక టైరు, 88 సూచిక టైరు పక్కపక్కన పెడితే బలంలో తేడాను కంటితో పట్టలేం. కాశీ దగ్గరి ఇసిపతనంలో బుద్ధుడు చెప్పిన పచేతన రాజు కథ దీని గురించే. ఆరు నెలల్లో యుద్ధం రానుంది, రెండు కొత్త చక్రాలు చేయమని రాజు రథకారుణ్ని అడిగాడు. ఆరు రోజులు తక్కువ ఆరు నెలలకు ఒకటి తయారైంది. రెండోది మిగిలిన ఆరు రోజుల్లో పూర్తయింది. రాజుకు వాటిలో తేడా కనబడలేదు. రథకారుడు రెండింటినీ దొర్లించాడు. ఆరు రోజుల చక్రం తోసిన ఊపు ఉన్నంతవరకు పోయి, గిరగిర తిరిగి పడిపోయింది. మొదటిది ఊపు అయిపోయాక కూడా ఇరుసుకు బిగించినట్టు నిలబడింది. ఆరు రోజుల చక్రం పడిపోవడానికి దాని అంచులో, ఆకుల్లో, నాభిలో మిగిలిపోయిన వంకరే కారణం. మనసు, మాట, నడతల్లోని వంకరను ఇలాగే తీర్చుకోవాలని బుద్ధుడు భిక్షువులకు చెప్పాడు. మామూలు రోజుల్లో కనబడని లోపం భారం పడ్డప్పుడు బయటపడుతుందన్నది చక్రానికీ మనిషికీ సమానమే.

ఎంపిక క్రమం

దీన్నిబట్టి ఎంపికకు ఒక క్రమం ఏర్పడుతుంది. తలుపు దగ్గరి స్టిక్కరులో ఉన్న కొలతే మొదటి ఎంపిక. సంబంధాలన్నీ అక్కడ ముందే పరీక్షకు నిలిచాయి. అది దొరకకపోతేనో, వేరే బలమైన కారణముంటేనో ప్రత్యామ్నాయం చూడాలి. ముందుగా రిమ్ము వెడల్పుకు ఆ టైరు తగునో లేదో టైరు కంపెనీ పట్టికలో చూసుకోవాలి. తర్వాత వ్యాసం లెక్కకట్టి మూడు శాతం లోపల, వీలైతే అంతకంటే దగ్గరగా ఉంచాలి. బరువు సూచిక, వేగం గుర్తు పాతవాటికంటే తగ్గకూడదు. ఒకే ఇరుసుకు ఒకే కొలత ఉండాలి. నాలుగు చక్రాలకూ శక్తి అందే బండికి నాలుగూ ఒకటే కావాలి. స్టెప్నీ కొలత వేరైతే దాన్ని పంక్చరు షాపు దాకా చేరడానికి మాత్రమే వాడాలి. చివరగా, బిగించాక ఖాళీని కంటితో పరీక్షించాలి.

ఇందులో యజమాని అభిరుచికి చోటు లేకపోలేదు. నెమ్మదైన ప్రయాణం కావాలా, మలుపుల్లో బిగువు కావాలా, మన్నిక ముఖ్యమా అన్నవి అతను తేల్చుకోవలసినవే. ఈ హద్దుల లోపల ఆ ఎంపిక పూర్తిగా అతనిది. హద్దులు మాత్రం అతనివి కావు. బ్రేకు వేసినప్పుడు బండి ఎక్కడ ఆగుతుందన్నది వెనక సీట్లో కూర్చున్న పిల్లలకూ, రోడ్డు దాటుతున్న పాదచారికీ సంబంధించిన విషయం. కొలతను నిర్ణయించే సంబంధాల్లో వాళ్లూ ఉన్నారు కాబట్టి, సరైన టైరు ఎంచుకోవడం లెక్కతో పాటు ధర్మానికీ చెందిన పని.