ప్రహ్లాదుడి చదువు, తండ్రి కాపలా

నెల్లూరు దగ్గర పెన్నా ఒడ్డున ఉన్న నరసింహకొండపై వేదగిరి లక్ష్మీనరసింహస్వామిని కొలిచే భక్తులకు చిరపరిచితమైన ప్రహ్లాద చరిత్రలో, హిరణ్యకశిపుడు కొడుకును చండామార్కులనే గురువులకు అప్పగించడమూ, తొడపై కూర్చోబెట్టుకొని ఏం నేర్చావని అడగడమూ తప్పులు కావు. నచ్చని జవాబుకు శిక్ష వేయడమే ఘోరమైన తప్పు. బిడ్డపై పెద్దల కాపలా ఎంతవరకన్న ఆ ప్రశ్నే నేడు ఫోను దగ్గర ఎదురవుతోంది. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం 18 ఏళ్లు నిండనివారి సమాచారం వాడుకోవాలంటే తల్లిదండ్రుల సమ్మతి ఉండాలని సంస్థలను ఆదేశిస్తుంది కాని, బిడ్డ ఫోనులోకి ఆ తల్లిదండ్రుల చూపు ఎంతవరకు వెళ్లవచ్చో చెప్పదు. వేదాంతులు వివేకమని పిలిచే శక్తి, అంటే నిత్యానిత్యాలను వేరు చేసి చూడగల తెలివి, ఒకరు మరొకరికి కాపలా కాసి ఇవ్వగలిగింది కాదు కనుక, ఏడేళ్ల పిల్లవాడి పక్కన కూర్చొని చూడటం రక్షణే అయినా, పదహారేళ్ల అమ్మాయి సందేశాలను రహస్యంగా చదవడం, ప్రాణాపాయం శంకించినప్పుడు తప్ప, ఆమె నమ్మకాన్ని దొంగిలించడమే.