మ్యాప్ మీద నీళ్ళ చుక్క

అమెరికాలో వేటగాళ్ళ కోసం తయారైన మ్యాప్ యాప్‌లు ముందుగా ఒక ప్రశ్నకి జవాబు చెప్తాయి: నేను నిలబడ్డ ఈ నేల ఎవరిది? 2009లో మోంటానాలో మొదలైన ఆన్‌ఎక్స్ పేరు తెచ్చుకున్నది అందుకే. కొండ వాలు తెలిపే గీతల మీదే భూమి హద్దుల్నీ, సొంతదారుల పేర్లనీ చూపిస్తుంది. అక్కడ వేటకి లైసెన్సుంది, సీజనుంది. తెలియక ఎవరి కంచె దాటుతామో అన్నది పెద్ద భయం.

ఉదయగిరి పక్కన వెలిగొండల్లో తిరగాలనుకునేవాళ్ళకి ఆ ప్రశ్న అంతగా పనికిరాదు. మన దగ్గర 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ఉంది. లైసెన్సుతో వేటాడే వెసులుబాటు కూడా 1991 సవరణతో పోయింది. ఆ చట్టం దృష్టిలో వేటంటే తుపాకీ పేల్చడం ఒక్కటే కాదు. ఉచ్చు వేయడం, ఎర పెట్టడం, తరమడం, గూళ్ళు చెదరగొట్టడం కూడా వేటే. అయినా జాడ తీసే విద్య మాత్రం పోలేదు. పక్షుల్ని చూడ్డానికి వెళ్ళేవాళ్ళూ, కోటలెక్కేవాళ్ళూ, కెమెరాలు మోసుకెళ్ళేవాళ్ళూ వేటగాడు వెతికేవాటినే వెతుకుతారు. నీళ్ళెక్కడున్నాయి, కనమ ఎక్కడుంది, జంతువులు ఏ దారిన దిగుతాయి. కాబట్టి యాప్ ఎంచుకునేటప్పుడు మనం అడగాల్సింది వేరే ప్రశ్న: నేను చూసింది ఇంకెవరి దాకా పోతుంది?

ముందు తేలికైన సంగతులు చెప్పుకుందాం. ఫోన్‌లో కనబడే కాంటూరు గీతలు చాలా యాప్‌లలో ఒక్కచోటినుంచే వస్తాయి. 2000 ఫిబ్రవరిలో ఎండీవర్ స్పేస్ షటిల్ 11 రోజులు తిరుగుతూ రాడార్‌తో తీసిన ఎత్తుల లెక్కలవి. సుమారు 30 మీటర్లకొక కొలత. రెండు కొలతల మధ్య నిలువు బండ ఉంటే, గీతల్లో అది మామూలు వాలులా కనిపించవచ్చు. ఉదయగిరి దుర్గం చుట్టూ ఉన్నవి నిలువు బండలే. సర్వే ఆఫ్ ఇండియా 1:50,000 షీట్లలో (ఉదయగిరి, ఆత్మకూరు రెండూ 57 ఎన్ కిందికి వస్తాయి) బండ అంచులకీ, వాగులకీ, కాలిబాటలకీ విడివిడి గుర్తులుంటాయి. ఆ గుర్తుల వెనక నేల మీద నడిచిన మనుషులున్నారు. అందుకని రెంటినీ ఒకదాని మీద ఒకటి పరిచి చూసుకోనిచ్చే ఓస్మాండ్ లాంటి యాప్ మేలు. సిగ్నల్ లేనిచోట పనిచేయడం తప్పనిసరి. ఆ విషయంలో ఆర్గానిక్ మ్యాప్స్ కూడా బాగుంటుంది.

అసలు కష్టం సెట్టింగుల్లో ఉంటుంది. నేను నడిచిన దారి, పెట్టుకున్న గుర్తు ఫోన్‌లోనే ఉంటాయా? కంపెనీ సర్వరుకి పోతాయా? నన్నడక్కుండానే పదిమందికీ కనబడతాయా? 2018 జనవరిలో స్ట్రావా హీట్‌మ్యాప్ గొడవ గుర్తుండే ఉంటుంది. సైనికులు జాగింగ్ చేసిన దారులన్నీ కలిసి, ఎడారుల్లోని స్థావరాల ఆకారాన్ని బయటపెట్టేశాయి. వాళ్ళలో ఎవరూ రహస్యం చెప్పలేదు. ఎవరి పరుగు వాళ్ళు పరిగెత్తారు, అంతే.

దారి తెలియడమంటే ఏమిటో ఉదయగిరికి కొత్తగా చెప్పక్కర్లేదు. గజపతుల చేతిలో ఉన్న ఈ కోటని గెలవడానికి కృష్ణదేవరాయలకి 1513 నుంచి 1514 దాకా, సుమారు ఏడాదిన్నర పట్టింది. పోర్చుగీసు వర్తకుడు నూనిజ్ రాసినదాని ప్రకారం, పైకి పోవడానికి ఒక్కటే దారి, అదీ మనిషి వెనక మనిషి మాత్రమే పట్టేంత ఇరుకు. రాయలు బండలు పగలగొట్టించి వెడల్పాటి దారులు వేయించాడు. కోట గోడలకన్నా ముందు దాన్ని కాపాడింది ఆ దారి ఇరుకుదనం. అడవిలో నీటి చెలమకి కూడా అలాంటి కాపలాయే ఉంటుంది. అక్కడికి దారి కొద్దిమందికే తెలియడం.

ఉదయగిరికి పడమట, కొండ అంచున, ఒక మేకల కాపరి నాకు అలాంటి చెలమనే చూపించాడు. మే నెల. వాగులన్నీ ఇసక తేలి ఉన్నాయి. బండ సందులో బిందెడు నీళ్ళు ఊరుతున్నాయి. తాగాక ఫోన్ తీసి గుర్తు పెట్టుకుంటుంటే అడిగాడు.

“అదేంది నాయనా?”

చెప్పాను.

“ఎవురికన్నా కనపడతాదా?”

“నేను పంపిస్తే కనపడుతుంది.”

“అయితే పంపబాకు. ఎండలకాలం అన్నీ ఈడికే వస్తాయి. ఉచ్చులేసే వోళ్ళకి తెలిసిందంటే ఒక్కటి మిగల్దు.”

కొన్నాళ్ళకి బెంగళూరులో ఉండే మిత్రుడొకడు ఆ దారి జీపీఎక్స్ ఫైల్ అడిగాడు. వాళ్ళ ట్రెక్కింగ్ గ్రూపులో రెండు వందలమంది దాకా ఉంటారు. చెలమ సంగతి చెప్పి, అది తప్ప మిగతాదంతా ఇస్తానన్నాను. “ఎండకి ఎవరైనా పడిపోతే? నీళ్ళు ఎక్కడున్నాయో తెలిసీ చెప్పలేదని అప్పుడేమంటావ్?” అన్నాడు. తేలిగ్గా తీసేయగలిగిన మాట కాదది.

అక్కడితో ఆగలేదు. దాచిపెట్టడం వల్ల ఎవరికి మేలు జరిగిందో చెప్పమన్నాడు. తీరప్రాంతాల, సరిహద్దుల టోపో షీట్లు మన దేశంలో ఏళ్ళ తరబడి మామూలు మనుషులకి దొరికేవి కావు. 2005 మ్యాప్ విధానం కొంత సడలించింది, 2021 ఫిబ్రవరి మార్గదర్శకాలు చాలా సడలించాయి. షీట్లు బీరువాల్లో ఉన్న రోజుల్లో కూడా ఎర్రచందనం లారీలెక్కుతూనే ఉంది. స్మగ్లరుకి షీటెందుకు? డబ్బిచ్చి దారి చూపించేవాణ్ణి పెట్టుకుంటాడు. ఇబ్బంది పడ్డది చదువుకునే పిల్లలూ, పరిశోధకులూ. వాడి వాదనలో ఈ భాగంతో నాకు పేచీ లేదు. ఇంకొకటి నేనే కలుపుతాను. కొండల ఎత్తులు కొలిచిన కార్టోశాట్-1 2005 మే 5న ఎగిరింది శ్రీహరికోట నుంచి. అప్పటికది నెల్లూరు జిల్లాలోనే ఉంది. రాకెట్ కేంద్రం కోసం ఆ దీవిలో చోటు వదులుకోవాల్సి వచ్చినవాళ్ళలో యానాదులున్నారు. అందరి డబ్బుతో, కొందరి నేలతో జరిగిన కొలతని అందరికీ చూపించకుండా ఉంచడానికి న్యాయం కనబడదు.

అయినా చెలమ చుక్కని ఆ లెక్కలో కలపలేను. కొండ ఆకారం తెలిసినంత మాత్రాన కొండని ఎవరూ ఎత్తుకుపోలేరు. చెలమ దగ్గరికి వచ్చే జింక సంగతి అలా కాదు, దానికి ఎండల్లో ఇంకో దారి లేదు. పైగా కొండ ఎత్తు నాకు యంత్రం కొలవడం వల్ల తెలిసింది. చెలమ సంగతి ఒక మనిషి నన్ను చూసి, నా దాహం చూసి చెప్పడం వల్ల తెలిసింది. మనిషి చెప్పిన మాటకి షరతొకటి అంటుకునే ఉంటుంది. ఫైల్ చేతులు మారినప్పుడు చుక్క వెళ్తుంది, షరతు వెనకే ఉండిపోతుంది. రెండు వందలమందిలో ఆఖరివాడికి అది అంకెల జత మాత్రమే. వాడు చెడ్డవాడు కానక్కర్లేదు. ఇంకొకడికి పంపితే చాలు.

పక్క కడప జిల్లాలో 1986 జనవరిలో కలివికోడి మళ్ళీ బయటపడింది. 1900 తర్వాత శాస్త్రవేత్తలెవరికీ కనబడని పక్షి. బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీ పరిశోధకులకి దాన్ని పట్టిచ్చింది పిట్టలు పట్టే స్థానికుడొకాయన. శాస్త్రానికి తెలియని చోటు వేటగాడికి తెలుసు. ఆ తెలివి మనిషినుంచి మనిషికి చేరింది కాబట్టి, దాన్నేం చేశారని ఎదురెదురుగా అడగడానికి వీలుంది. 2013లో మధ్యప్రదేశ్‌లో ఒక పులి మెడకి కట్టిన కాలర్ సమాచారం వచ్చే ఈమెయిల్‌లోకి ఎవరో చొరబడబోయారని వార్తలొచ్చాయి. అలాంటివాణ్ణి ఎవరు అడుగుతారు, ఎక్కడని అడుగుతారు? ఐనాచురలిస్ట్ ఈ చిక్కుకి ఒక దారి చూపిస్తుంది. ముప్పులో ఉన్న జీవుల విషయంలో అసలు చోటు దాచేసి, సుమారు 20 కిలోమీటర్ల గడి మాత్రమే చూపిస్తుంది. ఈ జీవి ఇక్కడుందన్న నిజం అందరికీ, దాని గుమ్మం మాత్రం కొందరికే.

ఇక దాహం ప్రశ్న. మిత్రుడికి దారి పంపాను, చెలమ గుర్తు తీసేసి. దారిలో నీళ్ళు లేవని మాత్రం రాయలేదు, అబద్ధమవుతుంది. నీళ్ళు దొరుకుతాయన్న లెక్క పెట్టుకోవద్దనీ, మనిషికి ఐదు లీటర్లు మోయలేనివాళ్ళు ఏప్రిల్, మే నెలల్లో రావద్దనీ రాశాను. అటవీశాఖ అనుమతి తీసుకోమన్నాను. కింది పల్లెలో దిగి, మేకలు తోలేవాళ్ళతో కాసేపు కూర్చోమన్నాను. వాళ్ళకి చెప్పాలనిపిస్తే చెప్తారు, వెంట వస్తారు కూడా. అప్పుడు షరతు కూడా చుక్కతో కలిసే వస్తుంది.

ఇందులో నాకు ఇబ్బందిగా ఉన్న సంగతి ఒకటుంది. ఆ చెలమకి నేను కాపలాదారుని కాను. ఒక పూట నీళ్ళు తాగిన బాటసారిని. ఎవరికి చెప్పాలో తేల్చే అర్హత నాకెక్కడిది? లేదు. చెప్పే అర్హత కూడా అలాగే లేదు. రెండూ లేనప్పుడు, చెప్పినవాడి మాట నిలబెట్టడం ఒక్కటే నాకు మిగిలిన పని. ఎవరైనా అక్కడ దాహంతో పడిపోయి ఫోన్ చేస్తే ఆ క్షణమే చెప్తాను. కాపరి కూడా అదే చేస్తాడు. నాకు చూపించిందే అందుకు. ఆ లోయలో సిగ్నల్ ఉండదని నాకు తెలుసు. ఐదు లీటర్ల మాట అంత గట్టిగా రాసింది అందుకే.

ఇప్పుడెవరైనా ఏ యాప్ మంచిదని అడిగితే గీతలు ఎంత దగ్గరగా ఉన్నాయో చెప్పి ఊరుకోను. అందులో ఒక చుక్క పెట్టి, దాన్ని పూర్తిగా చెరిపేసి చూడమంటాను. చెరిపాక అది ఇంకెక్కడా మిగలకపోతే, ఆ యాప్‌తో కొండెక్కమంటాను.