ఎరువు తెచ్చిన దేహము

భేతాళుడు విక్రమార్కుని అడిగిన ప్రశ్నలలో తలలు తారుమారైన కథలోనిది మిక్కిలి గట్టిది. తెగిపడిన రెండు శిరస్సులను ఒక యువతి తొందరపాటున ఒకదానికి బదులు మరియొకటి అతికినది. భర్త తల వేరొక మొండెముపైనను, భర్త మొండెము వేరొక తలక్రిందను లేచి నిలిచినవి. వారిలో ఆమె భర్త ఎవడు? అవయవములలో శిరస్సే ప్రధానము గనుక భర్త శిరస్సు గలవాడే భర్త యని రాజు తీర్పు చెప్పెను. సోమదేవుని కథాసరిత్సాగరము మొదలు పిల్లల కథలవరకు ఈ తీర్పు నడచివచ్చినది. థామస్ మన్ 1940లోను, గిరీశ్ కర్నాడ్ 1971లోను ఆ కథను తిరిగి చెప్పుచు, మొండెమునకును తన మాట కలదని రాజునకు ఎదురాడిరి. అయినను ఒక విషయమును ఎవరును శంకింపలేదు: తల తనదైనపుడు తలలోని జ్ఞాపకములును తనవే యని.

ఆ నమ్మకమును కదిలించినది 1995లో జపాను దర్శకుడు మామోరు ఒషీ తీసిన ‘ఘోస్ట్ ఇన్ ది షెల్’ అను బొమ్మల చలనచిత్రము. మసమునె షిరో 1989లో ఆరంభించిన బొమ్మల కథ దానికి మూలము. కథాకాలము 2029. మోతోకో కుసనాగి అను స్త్రీ ప్రభుత్వ రహస్య రక్షకదళమున అధికారిణి. మెదడులో కొంతభాగము తప్ప ఆమె శరీరమంతయు కర్మాగారమున తయారైనది. మనిషిలో యంత్రము కానిదానిని ఆ లోకమువారు ‘ఘోస్ట్’ అందురు. ఈ మాట చరిత్ర కొంత తమాషాయైనది. గిల్బర్టు రైల్ 1949లో డేకార్టు ద్వైతమును వెక్కిరించుటకు ‘యంత్రములోని దయ్యము’ అనెను. ఆర్థర్ కోస్లర్ 1967లో దానినే తన పుస్తకమునకు పేరుగా పెట్టెను. షిరో దానిని అక్కడనుండి గ్రహించెను. ఎగతాళిగా పుట్టిన మాట మూడు చేతులు మారునప్పటికి ఆత్మకు పర్యాయపదమైనది.

చిత్రము వ్యాపించుటకు వీడియో టేపులు ఎంతయో తోడ్పడినవి. 1996లో అమెరికా వీడియో అమ్మకముల పట్టికలో అది మొదటి స్థానమున కెక్కినది. వాచోస్కీలు దీనిని ఒక నిర్మాతకు చూపి, ఇట్టిదానిని నిజమైన నటులతో తీయవలెనని తమ కోరికయని చెప్పి, 1999లో ‘మేట్రిక్స్’ తీసిరి. తెలుగున 2024లో వచ్చిన ‘కల్కి 2898 ఏ.డి.’లో భావికాలపు కాశీయు, స్త్రీల గర్భములను ప్రయోగశాల సొత్తుగా వాడుకొను ఆకాశదుర్గమును కలవు. దానికి దీనితో నేరుగా చుట్టరికమున్నదని చెప్పుటకు వీలులేదు. కాని అట్టి నగరములకు ప్రేక్షకుల కన్ను అలవాటుపడుటలో జపాను చిత్రముల పాలు కొంత కలదు.

ఇంతటి ఆకర్షణకు కారణము, యంత్రమునకు ఆత్మ యుండునా యను ప్రశ్నయే యని సాధారణముగా చెప్పుదురు. అది సగము మాటయే. ఆ ప్రశ్న పండితులను పట్టినిలుపును గాని సామాన్యుని నిద్ర చెరుపదు. నిద్ర చెరుపునది చిత్రములో మరియొకచోట కలదు. కుసనాగి సముద్రమున మునిగి తేలి, సహచరుడైన బాతోతో పడవలో కూర్చుండును. ఆమె బరువైన దేహము తేలుటకు సాధనము కట్టుకొనవలెను; అది చెడినచో ఇక పైకి రాదు. ఆ సంభాషణలో ఒక నిబంధన దొర్లును. ఆమె ఉద్యోగము మానుకొనవచ్చును. కాని మానినపుడు దేహమును, దానితో కొన్ని జ్ఞాపకములను ప్రభుత్వమునకు తిరిగి అప్పగింపవలెను. చిత్రములోని తుపాకులన్నిటికన్న ఈ నిబంధన భయంకరమైనది. ‘ఎరువుల సొమ్ము బరువుల చేటు’ అని సామెత. పెండ్లికి ఎరువు తెచ్చిన కాసులపేరు మెడలోనున్నంతసేపును గుండె పీచుపీచుమనుచుండును. దేహమే ఎరువు తెచ్చినదైనపుడు, గుబులుపడుటకు గుండెయైనను తనది కాదు.

ఈ నిబంధనను అర్థము చేసికొనుటకు 2029 వరకు ఆగనక్కరలేదు. ఛత్తీస్‌గఢ్ రాజధానియైన రాయపూరు శివారున ఉర్లా అను పారిశ్రామికవాడ కలదు. ఆ ప్రాంతమున ఇనుప ఖనిజమును బొగ్గుతో తిరుగుడు కొలిమిలో కాల్చి స్పాంజి ఇనుము చేయుదురు. దానిని తుక్కుతో కలిపి విద్యుత్ కొలిమిలో కరగించి దిమ్మెలు పోయుదురు. దిమ్మెలను మరల ఎర్రగా కాచి రోలింగు మిల్లులో సాగదీసి కడ్డీలు చేయుదురు. తుక్కుగా వచ్చినది ఒకప్పుడు నాగటికర్రు కావచ్చును, మోటారుబండి కావచ్చును, కుట్టుమిషను కావచ్చును. కొలిమినుండి వెలువడిన కడ్డీకి ఆ సంగతి గుర్తుండదు. ఇనుమునకు అది క్షేమమే.

కొలిమిముందు నిలిచినవాడు ఇనుము కాడు. అతడు పొట్టచేత పట్టుకొని ఎక్కడనుండియో వచ్చినవాడు. రాయపూరు, భిలాయిలలో తరములుగా తెలుగు కుటుంబములును ఉన్నవి. విజయనగరమునుండి వచ్చు రైలుమార్గము, 1959లో కొలిమి వెలిగించిన భిలాయి ఉక్కు కర్మాగారము వారిని ఆ దేశమునకు చేర్చినవి. కార్మికుడు అమ్మునది కాలమనుట మర్యాదకొరకు చెప్పు మాట. అతడు అమ్మునది నడుము, కన్ను, ఊపిరి. ఎర్రని కడ్డీని పట్టుకారుతో పట్టి మరల రోలరునకు అందించువాని కన్ను ఆ వేడిమికి మాడును. ఇండ్ల కప్పులపై పడు నల్లని ధూళి ఊపిరితిత్తులను విడిచిపెట్టదు. పని మానినపుడు అతడు కుసనాగివలె దేహమును అప్పగింపనక్కరలేదు. మిగిలిన దేహమును అతనికే వదలుదురు. రెండింటిలో ఏది మేలో చెప్పుట కష్టము.

అందుచేతనే చిత్రములో కొలదిసేపు కనబడు చెత్తబండివాడు కుసనాగికన్న ఎక్కువగా మనసున నిలుచును. అతడు చెత్త యెత్తుచు తోడివానితో తన కాపురపు కష్టము చెప్పుకొనును. భార్య విడాకులు కోరుచున్నది. కూతురును చూడనిచ్చుట లేదు. భార్య మనసులోనిది తెలిసికొనవలెనని, ఎవరో నేర్పిన ఉపాయముచొప్పున వీధి ఫోనులనుండి ఆమె మెదడులోనికి చొరబడుటకు యత్నించుచుండును. నిజమునకు అతడు తెలియక చేయుచున్నది ఒక అపరాధి పని. పట్టుబడిన పిదప విచారణాధికారి అతనికి సంగతి చెప్పును. అతనికి భార్య లేదు, బిడ్డ లేదు. ఏండ్ల తరబడి ఒంటరిగదిలో కాపురమున్నాడు. కూతురుదని తోడివానికి చూపిన పటములో ఉన్నది తానే. ఆ జ్ఞాపకములు ఎవరో పెట్టినవి. ఈ అబద్ధపు కలను తుడిచివేయవచ్చునా యని అతడు అడుగును. అట్లు చేయుమని సలహా యీయజాలనని అధికారి బదులుచెప్పును. కుసనాగి అద్దము కావలినుండి చూచుచు మాటాడకుండును.

ఆ అధికారి చేసినది ధర్మమా? అప్రియమైన సత్యమును పలుకరాదన్న స్మృతివాక్యమును తెచ్చి అతనిని నిందించుట సులభము. కాని అబద్ధములో నుంచుట, దానిని పెట్టిన దొంగకు సాయపడుటయే యగును. చెప్పవలసినదే. చెప్పిన పిదప ఏమన్నదే అసలు చిక్కు. శంకరాచార్యులు అమరుక మహారాజు కళేబరమున ప్రవేశించి రాజభోగములలో తన్ను మరచెనని ఒక కథ. గుహలో గురుదేహమును కాచుచున్న శిష్యులు కొలువునకు వచ్చి, పాటపాడి, ఆయనకు తన్ను జ్ఞప్తికి తెచ్చిరి. సత్యము అక్కడ ఫలించుటకు రెండు కావలసివచ్చినవి: మరలిపోవుటకు ఒక దేహము, పిలుచుటకు తనవారు. చెత్తబండివానికి రెండును లేవు. అతనిని పిలిచినది పోలీసులు, పిలిచినది ఒంటరిగదికి. కలను తీసికొన్నవారు దాని స్థానమున ఏమియు ఉంచలేదు. సత్యము చెప్పుటతో చెప్పినవాని ఋణము తీరదని ఆ దళమువారికి తోచినట్లు కనబడదు. వారికి కావలసినది ఆచూకీ, అది దొరకినది.

దర్శకునికిని అంతే తోచినదేమో. కథ అతనిని ఆ కుర్చీలో వదలి ముందుకు సాగును. సమాచార సముద్రమున పుట్టిన ఒక బుద్ధి, తానును ప్రాణినేనని చెప్పుకొని, కుసనాగితో ఐక్యమగును. ఆమె ప్రభుత్వమిచ్చిన దేహమును విడిచి, బాలిక రూపమున నగరమును చూచుచు నిలుచును. ఘట్టము అందమైనదే. అయినను ఆ లోకమున విముక్తి వెలగల దేహమువారికే లభించినది. చెత్తబండివాని పేరు మరల వినబడదు. ఇంతటి చిత్రమునకు ఇది చిన్న లోపము కాదు.

ఉర్లావంటి చోట రాత్రి షిఫ్టు దిగినవాడు చేతులు కడుగుకొని, సెల్‌ఫోనులో భార్యాబిడ్డల పటము చూచుకొనును. ఆ పటమున ఉన్నది తానొక్కడే కాదు. వారు ఊరిలో నిజముగా ఉన్నారు. పండుగకు సెలవు దొరకినపుడు రెండు బండ్లు మారి ఇల్లు చేరును. వాకిట ఆడుకొనుచున్న చిన్నబిడ్డ అతనిని పోల్చుకొనలేక తల్లి కొంగుచాటునకు పోవుటయు కద్దు.