కప్పని గోయి ఎవరిది?

దక్షిణ అమెరికాలోని ఈక్వడార్ దేశపు అమెజాన్ అడవులలో టెక్సాకో కంపెనీ 1964 మొదలు 1990 వరకు చమురు పని నడిపెను. చమురుతో పైకివచ్చిన ఉప్పునీటిని వాగులలోనికి వదలిరి. మడ్డిని కట్టుబడి లేని గోతులలో విడిచిరి. అడవి ప్రజలు త్రాగునది ఆ వాగుల నీరే. 2001లో షెవ్రాన్ కంపెనీ టెక్సాకోను కలుపుకొనెను. 2011లో ఈక్వడార్ న్యాయస్థానము పరిహారమిమ్మనెను. ఆ తీర్పు మోసముచే పొందినదని 2014లో అమెరికా న్యాయస్థానము చెప్పెను. తప్పు ప్రభుత్వ చమురు సంస్థదని షెవ్రాన్ వాదన.

గోయి త్రవ్వి కప్పక విడిచినవాడు, అందు పడి చచ్చిన ఎద్దుకు సొమ్ము చెల్లించవలెనని మోషే ధర్మశాస్త్రము. పొలము చేతులు మారినంతమాత్రమున గోయి పూడునా? వకీళ్లు మోసగించినను, నీటిలోని మడ్డి అబద్ధమగునా? కంపెనీకి దేహము లేదు. దాని లాభము పంచుకొన్న చేతులు కలవు. లాభములో పాలివారు భారములోను పాలివారే. మన పొలము గట్టునను ఇదే న్యాయము.